ఇంటిపేరు కాదు, సర్వే నంబరు పట్టుకోండి

ప్రొద్దుటూరు దగ్గర మా ఊళ్లో రెండున్నర ఎకరాల చేను ఒకటి ఉంది. దాని పాత పట్టా కాగితాలు రెండు మా ఇనప్పెట్టెలో దొరికాయి. ఒకటి ఫసలీ 1316ది, రెండోది ఫసలీ 1322ది. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. సర్వే నంబరు ఒకటే, విస్తీర్ణం ఒకటే, శిస్తు కూడా అణా పైసలతో సహా ఒకటే. పట్టాదారు ఇంటిపేరు మాత్రం వేరు. మొదటి దాంట్లో మేమెప్పుడూ వినని ఇంటిపేరు, రెండో దాంట్లో మాది.

ఎవరైనా ఏమనుకుంటారు? ఆ మధ్యలో మావాళ్లు కొనుంటారు అనుకుంటారు. నేనూ అదే అనుకుని క్రయ దస్తావేజు కోసం రెండు నెలలు తిరిగాను. ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు తిరగేయించాలి. తిరగేయించాను. క్రయం లేదు, తనఖా లేదు, దానం లేదు. చివరికి విసుగొచ్చి, తొంభై దాటిన మా జేజి (నాన్నమ్మ) దగ్గర కూర్చుని ఆ ఇంటిపేరు చెప్పాను. ఆమె వక్కాకు దంచుకుంటూ తల కూడా ఎత్తలేదు. "కొనేదేందిరా నాయనా, ఆయప్ప ఇల్లటం వచ్చినోడు గదా!"

ఆయప్ప అంటే మా ముత్తాత, ఇల్లటం అంటే ఇల్లరికం. అంతే, రెండు నెలల చిక్కు రెండు సెకన్లలో విడిపోయింది. మా ఊరు మాది కాదని కూడా ఆ రోజే తెలిసింది. ఎట్లాగో తర్వాత చెప్తాను. ముందు అసలు విషయం.

వంశచరిత్ర వెతకాలనుకునే మనవాళ్లలో నూటికి తొంభై మంది ఇంటిపేరు పట్టుకుని మొదలుపెడతారు. నాన్న, తాత, ముత్తాత అంటూ నిచ్చెన ఎక్కినట్టు నేరుగా పైకి పోతారు. మూడో మెట్టు మీద ఆగిపోతారు. ఆగిపోయాక ఫేస్‌బుక్‌లో అదే ఇంటిపేరున్న వాళ్లందరినీ కలిపి ఒక గుంపు పెడతారు, ఎవరో ఒకరు మనది ఫలానా పాలెగాళ్ల వంశం అంటారు, అక్కడితో పరిశోధన పూర్తి. సీమలో పాలెగాళ్లకు నిజంగా అంతమంది వారసులుంటే 1800 తర్వాత కలెక్టరు మన్రో వాళ్లను అణచగలిగేవాడే కాదు.

ఈ ఆగిపోవడానికి కారణం మన బద్ధకం కాదు. మన దగ్గర పుట్టిన ప్రతి మనిషి పేరూ రాసిపెట్టిన పుస్తకం ఏదీ లేదు. జనాభా లెక్కల్లో ఇంటింటికీ వచ్చి రాసుకుంటారు కదా అంటారా, మనిషివారీ వివరాలు ఎవరికీ చూపకూడదని 1948 నాటి సెన్సస్ చట్టమే చెబుతుంది. జనన మరణాల నమోదుకు మద్రాసు రాష్ట్రంలో 1899లోనే చట్టం ఉంది, దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. పాత రిజిస్టరు దొరికినా శిశువు పేరు గడి తరచూ ఖాళీగా ఉంటుంది. నామకరణం కాకముందే రాసుకుపోతారు కాబట్టి "మగ శిశువు", తండ్రి పేరు, అంతే. ఇక బడి రిజిస్టరు నమ్మితే మా నాన్న తరంలో సగం మంది జూలై 1న పుట్టారు. అయ్యవారు బడిలో చేర్చుకునేందుకు వీలుగా వేసిన తేదీ అది.

మరి ఏం రాసిపెట్టారు? నేల గురించి రాసిపెట్టారు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక, థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతిని నిలబెట్టాడు. మధ్యలో జమీందారు లేకుండా ఒక్కో రైతు పేరు మీద శిస్తు. ప్రభుత్వానికి కావాల్సింది డబ్బు, డబ్బు కట్టేది చేను, ఆ చేనుకు తోకగా మాత్రమే మనిషి పేరు. కాబట్టి మనం కూడా ఆ లెక్కల్లోకి అదే వాకిట్లోంచి పోవాలి. మనిషి చచ్చిపోతాడు, పేరు మార్చుకుంటాడు, వలస పోతాడు. చేను ఎక్కడికీ పోదు.

ఇక చేతికి దొరికే కాగితాల సంగతి. మొదటి అడ్డంకి లిపి. కరణాలు గొలుసుకట్టు రాసేవాళ్లు. కలం ఎత్తకుండా అక్షరం వెంట అక్షరం, మాటకీ మాటకీ మధ్య సందు లేకుండా, తలకట్లు మింగేసి. మొదటిసారి చూస్తే చీమకు సిరా అంటించి వదిలినట్టు ఉంటుంది. అయితే దస్తావేజుల భాష మూసలో పోసినట్టుండేది కాబట్టి, "నా తండ్రి గారి తరువాత నా హక్కు భుక్తములో యుండిన" లాంటి పది పదిహేను మాటలు గుర్తుపట్టడం వస్తే మిగతాది నెమ్మదిగా తెరుచుకుంటుంది.

రెండో అడ్డంకి తేదీ. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1322 అంటే 1912 జూలై నుంచి 1913 జూన్ వరకు. ఇది సులువే. తెలుగు సంవత్సరాల పేర్లతోనే ఇబ్బంది, ఎందుకంటే అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. "దుందుభి నామ సంవత్సర" అని ఉంటే అది 1862 కావచ్చు, 1922 కావచ్చు. మా దగ్గర అలాంటి కాగితం ఒకటి వస్తే కాసేపు వాదులాడుకున్నాం. వెలుతురుకు ఎత్తి చూస్తే స్టాంపు మీద గడ్డం రాజు బొమ్మ కనిపించింది. విక్టోరియా రాణి కాదు, అయిదో జార్జి. 1922, వాదన ముగిసింది. ఇంట్లో పెద్దవాళ్లు "ధాత కరువులో ఈ ఊరికొచ్చినాం" అంటే కూడా అది తేదీయే. ధాత నామ సంవత్సరం 1876లో మొదలైంది. ఆ కరువు 1878 దాకా కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను పీల్చి పిప్పి చేసింది.

దస్తావేజులో అందరూ అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు చూసి పక్కన పెట్టేస్తారు. అసలు సరుకు చెక్కుబందీలో ఉంటుంది. తూర్పు ఫలానా వారి చేను, దక్షిణం ఫలానా వారిది అని నాలుగు హద్దులు రాస్తారు కదా, ఆ నలుగురిలో ఒకరిద్దరు తప్పకుండా దాయాదులే అయుంటారు. ఒక పెద్ద చేను అన్నదమ్ములు పంచుకుంటే హద్దుకు హద్దు అన్నదమ్ములే కదా వచ్చేది. పారీఖత్తు, అంటే పంపకాల కాగితం, పోయినా, చుట్టుపక్కల నాలుగు సర్వే నంబర్ల చెక్కుబందీలు పక్కపక్కన పెట్టుకుంటే ఆ పంపకాన్ని మళ్లీ కట్టుకోవచ్చు. పేర్ల ముందుండే మాటలూ వదలొద్దు. నడిపి సుబ్బన్న అని ఉందంటే పెద్ద సుబ్బన్న, చిన్న సుబ్బన్న ఉన్నారని అర్థం, ముగ్గురన్నదమ్ములకు తక్కువ లేరు. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల అరవై ఏళ్ల తేడాతో అదే పేరు, అదే చేను కనిపిస్తుంది. ఇద్దరూ ఒకడే అనుకుంటే ఆ మనిషికి నూట ఇరవై ఏళ్ల ఆయుష్షు పోసిన వాళ్లమవుతాం.

పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చిన కాగితాలు దొరికితే పండగే. అందులో కూతురి పేరు, అల్లుడి పేరు, అల్లుడి తండ్రి పేరు, అల్లుడి ఊరు, అన్నీ ఉంటాయి. ఆడవాళ్ల పేర్లు పట్టాల్లో ఎలాగూ తక్కువ. వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ ఊరికి పోయారో చెప్పేవి ఇవే.

ఇప్పుడు ఇల్లటం దగ్గరికి వస్తాను. మగపిల్లలు లేని రైతు కూతురికి పెళ్లి చేసి, అల్లుడిని ఇంట్లోనే పెట్టుకుని, కొడుకులాగా ఆస్తి అప్పజెబుతాడు. సీమ రెడ్లలో ఇది పాత ఆచారం, మద్రాసు కోర్టులు కూడా చెల్లుతుందని ఒప్పుకున్నాయి. దత్తతకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. దత్తుడు ఇంటిపేరు, గోత్రం మార్చుకుంటాడు. అతడిని పట్టుకుని పైకి పోతే రక్తసంబంధం లేని తాతలు దొరుకుతారు. ఇల్లటం అల్లుడు తన ఇంటిపేరు తనే ఉంచుకుంటాడు, పుట్టింటి ఆస్తిలో హక్కు కూడా పోగొట్టుకోడు. కాబట్టి అమ్మకం లేకుండానే చేను ఇంటిపేరు మారుతుంది. మా రెండు పట్టాల మధ్య జరిగింది అదే. మామ పోయాడు, అల్లుడి పేరు ఎక్కింది. ఆ చేను, ఆ ఊరు మా ముత్తవ్వ పుట్టింటివి. మా ఇంటిపేరు ఆ ఊళ్లోకి వచ్చింది ఒక్క మనిషితో, 1900 ప్రాంతంలో. నేను అప్పటికి ఏడాదిగా ఆ ఊరి పాత లెక్కల్లో మా ఇంటిపేరు వెతుకుతున్నాను!

ఇదంతా జేజికి ఎలా తెలుసు? మా జేజిని ఆమె సొంత మేనమామకే ఇచ్చారు. అంటే ఆ ఇల్లటం మనిషి ఆమెకు మామ, అమ్మకు తండ్రి కూడా. "నాకు తాత, మామ రెండూ ఆయప్పే" అంది. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఇంతగా ఉన్న చోట వంశవృక్షం చెట్టులా ఉండదు, చిక్కుడు పందిరిలా ఉంటుంది. ఆయన మా నాన్నకు తండ్రి వైపు నుంచి తాత, తల్లి వైపు నుంచి ముత్తాత. కంప్యూటర్లో ఇది ఎక్కిస్తే చాలా సాఫ్ట్‌వేర్లు ఒకే మనిషిని రెండు గళ్లలో చూపిస్తాయి. అది చూసి కొందరు ఇద్దరు వేరు మనుషులనుకుని వేర్వేరు పుట్టిన తేదీలు వేస్తారు. డీఎన్ఏ పరీక్షలు చేయించుకునే వాళ్లకూ ఇదే తంటా. తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లయిన చోట దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా లెక్కల్లో తేలుతాడు. నా మాట వింటే ముందు తెల్లకాగితం మీద పెన్సిలుతో గీసుకోండి, సాఫ్ట్‌వేరు తర్వాత.

పట్టాలు లేని కుటుంబాల సంగతేమిటి అని అడగాలి, అడగకపోతే ఈ వ్యాసం భూములున్న వాళ్లకే పరిమితమైపోతుంది. వాళ్లకు మంచి ఆధారం ఇనాం రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, శిస్తు లేకుండా లేదా తక్కువ శిస్తుతో అనుభవిస్తున్న ప్రతి మాన్యానికీ లెక్క అడిగింది. మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అని గళ్లు పెట్టి రాయించింది. అగ్రహారాల బ్రాహ్మణులతో పాటు తలారి, వెట్టి, చాకలి, మంగలి, కుమ్మరి, గుడి పూజారి, మేళగాళ్లు, ఊరికి సేవ చేసి మాన్యం పొందిన అందరూ అందులో ఉంటారు. రెండెకరాల మంగలి మాన్యం పుణ్యమా అని, పెద్ద పట్టాదారు వంశం కన్నా మంగలి వంశం రెండు తరాలు ఎక్కువ పైకి దొరకడం నేను చూశాను.

క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లున్నాయి. కడపలో లండన్ మిషన్ 1822లోనే మొదలైంది. బాప్తిస్మం, పెళ్లి, సమాధి, మూడింటికీ వేర్వేరు పుస్తకాలుంటాయి. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన రాసినవి ఉంటే అదృష్టమే, ఎందుకంటే మతం మారినప్పుడు చాలామంది ఇంటిపేరుతో సహా వెనక తీగ తెంపుకున్నారు. ముస్లిం ఇళ్లలో షేక్, సయ్యద్, పఠాన్ అన్నవి ఇంటిపేర్లలా వాడుతున్నా వంశం పేర్లు కావు. వాటితో వెతికితే ఊరంతా తగులుతుంది. కాజీ దగ్గరుండే నిఖా పుస్తకాల్లో వధువు తండ్రి, వరుడి తండ్రి, సాక్షులు ఉంటారు, అది పట్టుకోవాలి. దూదేకుల వాళ్లలో తెలుగు ఇంటిపేర్లు నిలిచి ఉంటాయి కాబట్టి వాళ్ల పని కొంత సులువు.

సముద్రం దాటిన వాళ్ల వివరాలు ఊళ్లో మిగిలిన అన్నదమ్ముల కన్నా బాగా దొరకడం ఒక వింత. 1860 నుంచి మద్రాసు రేవులో కూలీలను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఎక్కించినప్పుడు పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చతో సహా రాసుకున్నారు. మారిషస్‌కు పోయిన వాళ్ల రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరివి ఫోటోలతో సహా. ఊరి పేర్లు మాత్రం గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో పడ్డాయి. వాటిని గట్టిగా పైకి చదవాలి, కంటితో చూస్తే తెలియవు.

ఇక కాగితాలు కాని ఆధారాలు. ఒకప్పుడు రెడ్ల ఇళ్లకు పిచ్చికుంట్ల వాళ్లు వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు, వంశం పాడి వినిపించి గింజలు తీసుకుపోయేవాళ్లు. వైశ్యులకు వీరముష్టి వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. ఆశ్రిత కులాలంటే నడిచే రికార్డు గదులన్నమాట. వాళ్లు పాడేది అక్షరాలా చరిత్ర అని నేను నమ్మను. ఇచ్చేవాడి ముందు వాడి తాతను తక్కువ చేసి ఎవరు పాడతారు? ఇంటిపేర్ల జాబితాలు, వలస వచ్చిన ఊళ్ల పేర్లు మాత్రం పట్టించుకోదగ్గవి. ఇలవేల్పు కూడా అంతే. అనంతపురంలో స్థిరపడిన తొగట నేతగాళ్ల కుటుంబం ఏటా బనగానపల్లె దగ్గరి నందవరం చౌడమ్మకు మొక్కు చెల్లిస్తుంటే, ఆ దారి ఎటు నుంచి వచ్చిందో ఒక సూచన దొరికినట్టే.

ఊరి పుట్టుక తెలుసుకోవాలంటే కైఫియత్తులు చూడాలి. కర్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల కింది గుమాస్తాలు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న స్థానిక చరిత్రలవి. అడవి ఎవరు కొట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, కరణీకం, రెడ్డిరికం ఏ ఇంటివాళ్లవి అన్నవి అందులో ఉంటాయి. కడప జిల్లావి అచ్చయ్యాయి కూడా. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే, ఎర్రముక్కపల్లెలో కట్టిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని చదువుకోవచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి, చెప్పింది కరణాలు. కరణం ఇంటి గురించి కరణం చెప్పిన దానికి ఇంకో సాక్ష్యం ఉంటే మంచిది.

చాలామందిని తిప్పలు పెట్టేది ఇంకొకటుంది, జిల్లాల సరిహద్దులు. ఊరు కదలదు, జిల్లా కదులుతుంది. కర్నూలు నవాబును 1839లో తొలగించారు, కర్నూలు జిల్లాగా కుదిరింది 1858లో. అప్పుడే కోవెలకుంట్ల, కంభం కడప నుంచి, పత్తికొండ బళ్లారి నుంచి తెచ్చి కలిపారు. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడిపోయింది, కదిరి 1910లో కడప నుంచి దాంట్లోకి పోయింది. మదనపల్లె, వాయల్పాడు 1911లో కొత్త చిత్తూరు జిల్లాకు పోయాయి. గిద్దలూరు, మార్కాపురం 1970లో ప్రకాశానికి. 2022లో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వచ్చాయి. మీ ఊరి 1850 నాటి కాగితం మీ ఇప్పటి కలెక్టరేట్‌లో ఉంటుందనుకోవడం భ్రమ. పాత జిల్లా రికార్డులు ఏ ఆర్కైవ్స్‌లో అడిగినా, ఆ ఏడు మీ ఊరు ఏ జిల్లాలో ఉందో ఆ పేరుతోనే అడగాలి. ఊరి లెక్కలు వేరు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయి, మరుసటి ఏడాది మండలాలు వచ్చినప్పుడు కొన్ని దఫ్తరాలు మండలాఫీసుకు చేరాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి, కొన్ని చెదల పాలయ్యాయి.

ఇవన్నీ ఒక్కడే చేయగల పనులు కావు. మేము ఆరేడుగురం నెలకో ఆదివారం కడపలో కలుస్తాం. సంఘం పేరు లేదు, చందా లేదు. రిటైరైన తెలుగు అయ్యవారు ఒకాయన గొలుసుకట్టు చదివిపెడతారు. దస్తావేజు లేఖరి ఒకాయన హద్దుల లెక్క తేలుస్తాడు. ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు ఫోనుతో ఫోటోలు తీసి ఊరు, సర్వే నంబరు, ఫసలీ పేరుతో దాచిపెడతాడు. నియమాలు రెండే. తెచ్చిన కాగితం ఆ రోజే వెనక్కి తీసుకుపోవాలి, బతికున్న వాళ్ల వివరాలు గది దాటకూడదు. రెండో నియమం ఊరికే పెట్టలేదు. దత్తతలు, రెండో పెళ్లిళ్లు, దాచిపెట్టిన కులం, కోర్టులో నలుగుతున్న పంపకాలు, అన్నీ ఈ కాగితాల్లోనే ఉంటాయి.

ఈ మధ్య మా తొందరంతా ఒక్కదాని మీదే. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే పూర్తయిన ఊళ్లలో సర్వే నంబర్ల బదులు ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. రెండు నంబర్లూ తెలిసిన మనుషులు ఉండగానే ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైందో రాసిపెట్టుకోకపోతే, మా మనవళ్లకు ఫసలీ 1322 పట్టా చేతికొచ్చినా ఆ చేను ఎక్కడుందో తెలియదు.

ఆ ఇల్లటం మనిషి పుట్టిన ఊరు కోవెలకుంట్ల పక్కనే అని జేజి చెప్పింది. కడపలో వెతకాలా కర్నూలులో వెతకాలా అన్నది పైన చెప్పిన 1858 లెక్క ప్రకారం తేల్చుకుని, ముందు ఆ ఊరికే పోయాం. మా ఇంటిపేరుతో రెండిళ్లున్నాయి. పెద్దాయన మంచం మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు, పెళ్లిళ్లు, వానల గురించి మాట్లాడాడు. పాత పారీఖత్తులేమైనా ఉంటే ఒకసారి చూస్తామన్నాను. ఆయన నా వైపు, నా బ్యాగు వైపు, బయట నిలబెట్టిన కారు వైపు చూశాడు. ఇల్లటం పోయినవాడికి పుట్టింట్లో హక్కు పోదన్న సంగతి నాకు పుస్తకాల్లో తెలిసింది, ఆయనకు పుట్టుకతోనే తెలుసు.

"భాగానికి గాని రాలేదు గదా నాయనా?" అన్నాడు.

రాలేదని రెండుసార్లు చెప్పాను. ఇంకో గ్లాసు కాఫీ వచ్చింది. పెట్టె మాత్రం ఇంకా తెరవలేదు.